రేకుల గది ఎంత వేడి? తీగ చెప్పిన లెక్క

మా బడిలో మూడో తరగతి సిమెంటు రేకుల గదిలో నడుస్తుంది. గోడకు అవతల శ్లాబు గది, అందులో ఎనిమిదో తరగతి. శివరాత్రి వెళ్ళిందంటే చాలు, రేకుల గదిలో తలనొప్పులు మొదలవుతాయి. మధ్యాహ్న భోజనం అయ్యాక సగం మంది పిల్లలు బల్లల మీద తల వాల్చేస్తారు. తల్లులు వచ్చి అడిగితే ‘‘రేకుల గది కదమ్మా, ఎండాకాలం అంతే’’ అని మేమే సర్దిచెప్పి పంపేవాళ్ళం. ఎంత వేడి, ఏ వేళకు వేడి, పక్క గది కంటే ఎంత ఎక్కువ అని ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ‘చాలా’ అనేవాళ్ళం. అది మాటే గానీ లెక్క కాదు.

మాది దక్షిణ ఒడిశాలో, బరంపురానికి దగ్గరలో ఉన్న తెలుగు మాధ్యమం బడి. అటల్ టింకరింగ్ ల్యాబ్ లాంటి వసతి మాకు లేదు. ఉన్నదల్లా ఒక పాత ల్యాప్‌టాప్, కొద్దిపాటి తీగలు, ఏదైనా విప్పి చూద్దామనే ఎనిమిదో తరగతి పిల్లలు. వాటితోనే ఆ ‘చాలా’ను లెక్కలోకి తెచ్చుకున్నాం. మా దారిలో తగిలిన రాళ్ళు మీకు తగలకూడదని, ఏం చేశామో, ఎక్కడ పోగొట్టుకున్నామో రెండూ రాస్తున్నాం.

కాటా దగ్గర మొదలైంది

కొలతల పాఠం చెబుతూ పిల్లలను ఊరి బయట లారీ కాటాకు తీసుకెళ్ళాం. మా విద్యార్థి తండ్రి అక్కడ పనిచేస్తారు. లారీ ఎక్కగానే పెట్టె మీద ఎర్రని అంకెలు వెలిగాయి. అవే అంకెలు పక్కనున్న కంప్యూటర్ తెర మీద కనిపించాయి. తేదీ, సమయంతో సహా చీటీ అచ్చయి వచ్చింది. ‘‘కంప్యూటర్లో ఆ బరువు ఎవరు కొట్టారు మాస్టారూ?’’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ తండ్రి నవ్వి, పెట్టె వెనక నుంచి వేలాడుతున్న తొమ్మిది సూదుల తీగను చూపించారు.

‘‘ఎవులూ కొట్టలేదమ్మా. ఈ వైరులోంచే వొస్తాది. టైముతో సహా పడిపోతాది కాబట్టి లారీ వాడు గొడవ పెట్టడు, మేమూ మార్చలేం.’’

ఆ తీగ తగిలించి ఉన్నదే సీరియల్ పోర్టు. తిరిగి వస్తుంటే దారి పొడవునా పిల్లల మాటలన్నీ దాని మీదే. మీ ఊళ్ళోనూ ఇది ఉంటుంది. కోలారు, హోసూరు వైపు పాల సొసైటీల్లో పాల తూకం, వెన్న శాతం కంప్యూటర్‌కు చేరేది చాలాచోట్ల ఇలాంటి తీగలోంచే. ఆసుపత్రి ల్యాబుల్లో, కర్మాగారాల్లో పాత కొలత యంత్రాలు ఎన్నో ఈ దారినే మాట్లాడతాయి.

తీగలో జరిగేది ఏమిటి?

సీరియల్ అంటే వరుసగా, ఒకదాని వెనక ఒకటి అని. మధ్యాహ్న భోజనానికి పిల్లలు ఒకే తలుపులోంచి వరుసగా వెళ్ళినట్టు, ఒకే తీగలో బిట్లు ఒకదాని తరువాత ఒకటి వెళ్తాయి. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ.

కంప్యూటర్ లేకుండానే దీన్ని తరగతిలో ఆడించవచ్చు. పది మంది పిల్లలను వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టండి. లేచి నిలబడితే ఒకటి, కూర్చుంటే సున్నా. తీగలో ఏ మాటా లేనప్పుడు అది ‘ఒకటి’ దగ్గర నిలిచి ఉంటుంది. మొదటి బిట్ సున్నా అయితే ‘ఇదిగో మొదలు’ అని గుర్తు. తరువాత ఎనిమిది బిట్లు అసలు అక్షరం. చివరిది ఒకటి, ‘అయిపోయింది’ అని గుర్తు. ఉదాహరణకు 3 అనే అంకెకు కంప్యూటర్ సంకేతం 51. దాన్ని రెండంకెల పద్ధతిలో రాస్తే 00110011. తీగలో చిన్న స్థానం ముందు వెళ్తుంది కాబట్టి కుర్చీల వరుస ఇలా ఉంటుంది: 0, ఆ తరువాత 1 1 0 0 1 1 0 0, చివర 1.

ఇప్పుడు ఒకరిని చప్పట్లు కొట్టమనండి. చప్పట్టుకు ఒక బిట్ చొప్పున మరొకరు కళ్ళు తెరిచి చూసి రాసుకోవాలి. పంపేవాడి చప్పట్లు ఒక వేగంలో, చూసేవాడి చప్పట్లు మరో వేగంలో ఉంటే ఒక బిట్టే రెండుసార్లు పడుతుంది, లేదా మధ్యలో జారిపోతుంది. రాసుకున్నది అర్థం లేని గుర్తుల కుప్ప అవుతుంది. కంప్యూటర్ తెర మీద పిచ్చి గుర్తులు కనబడితే ముందు అనుమానించాల్సింది ఈ వేగాన్నే. దీన్ని బాడ్ రేటు అంటారు. ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమిల్ బోడో పేరు మీద వచ్చిన మాట ఇది. ఎక్కువగా వాడే వేగం సెకనుకు 9600 బిట్లు. అక్షరానికి పది బిట్లు కాబట్టి సెకనుకు 960 అక్షరాలు. గది వేడి చెప్పడానికి ఇది ఎక్కువే.

కాటా దగ్గర చూసిన తీగకు ఆర్‌ఎస్-232 అని పేరు. అమెరికాలో ఎలక్ట్రానిక్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ 1960లో ఈ ప్రమాణం తెచ్చింది. తొమ్మిది సూదుల రూపం 1984లో ఐబీఎం పీసీ ఏటీ కంప్యూటర్‌తో వాడుకలోకి వచ్చింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ రంధ్రం ఉండదు. అయినా పద్ధతి పోలేదు, యూఎస్‌బీ తీగ లోపల దాక్కుంది.

మేము అమర్చినది

పిల్లలు నేర్చుకోవడానికి వాడే ఆర్డునో ఉనో బోర్డు ఒకటి, డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్లు రెండు, 4.7 కిలోఓముల రెసిస్టర్ ఒకటి, తీగలు. బోర్డును యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే దానికి కరెంటూ అందుతుంది, అంకెలూ అదే తీగలో వెనక్కి వస్తాయి. ఈ సెన్సర్లో ఉన్న సుగుణం, ప్రతిదానికీ పుట్టుకతో ఒక ప్రత్యేక సంఖ్య ఉండటం. అందుకే రెండింటినీ బోర్డులో ఒకే చోట కలిపినా ఏది ఏ గదిలోదో తికమక ఉండదు.

ల్యాప్‌టాప్ శ్లాబు గదిలో పెట్టాం. ఒక సెన్సర్ అక్కడే. రెండోది కిటికీలోంచి రేకుల గదికి. రెండింటినీ ఒకే ఎత్తున, మూడో తరగతి పిల్లవాడు కూర్చుంటే తల వచ్చే ఎత్తున కట్టాం. గోడకు ఆనకుండా, ఎండ నేరుగా పడకుండా చూశాం. రేకుకు దగ్గరగా కడితే పెద్ద అంకె వస్తుంది, నిజమే. కానీ పిల్లలు రేకు దగ్గర కూర్చోరు కదా.

కట్టేముందు రెండు సెన్సర్లనూ ఒకే చెంబు నీళ్ళలో అరగంట ఉంచాం. జలనిరోధక తొడుగు ఉన్నవి కొంటేనే ఈ పని చేయగలం. ఒకే నీళ్ళలో ఉన్నా రెండూ ఒకే అంకె చెప్పలేదు. ఆ కొద్ది తేడాను పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టుకున్నాం. ఈ సెన్సర్ మామూలు వాతావరణ వేడిలో అర డిగ్రీ అటూ ఇటూగా చెబుతుంది. తెర మీద దశాంశం తరువాత ఎన్ని అంకెలు కనిపించినా, అర డిగ్రీ లోపు తేడాను పట్టుకుని వాదించకూడదని పిల్లలకు ముందే చెప్పాం.

మూడుసార్లు పోగొట్టుకున్నాం

మొదటి రోజు అంకెలు తెర మీద పరుగెడుతుంటే చూసి మురిసిపోయాం. సాయంత్రం ఆ కిటికీ మూసేశాం. మర్నాడు తెరిస్తే నిన్నటిది ఒక్క వరుస కూడా లేదు. తెర మీద చూపించే ప్రోగ్రాము చూపిస్తుందంతే, దాచదు. వచ్చిన ప్రతి వరుసనూ ఫైలులోకి ఎక్కించమని విడిగా చెప్పాలి. ఆ పనినే లాగింగ్ అంటారు. లాగ్ అనే మాట ఓడల నుంచి వచ్చింది. వెనకటి రోజుల్లో చెక్కముక్కకు తాడు కట్టి నీళ్ళలోకి విడిచి ఓడ వేగం కొలిచేవారు. ఆ కొలతలు ఎక్కించే పుస్తకం లాగ్ బుక్ అయింది. గోపాలపూర్ రేవు దగ్గరలో ఉన్న మా పిల్లలకు ఈ కథ చెప్పాక ఆ మాట మళ్ళీ మరవలేదు.

రెండోసారి ఫైలు పెట్టాం. ల్యాప్‌టాప్ రాత్రంతా నడవాలి. సాయంత్రం తాళం వేయడానికి వచ్చిన ఆయమ్మ, దుమ్ము పడుతుందని ప్రేమగా మూత వేసి వెళ్ళింది. మూత పడగానే ల్యాప్‌టాప్ నిద్రపోయింది. పొద్దున తెరిచి మళ్ళీ కలిపాం. ఫైలులో అంకెలు ఉన్నాయి గానీ, ఏ అంకె ఏ గంటదో తెలియలేదు. మేము బోర్డు లెక్కపెట్టిన సెకన్లనే సమయంగా రాయించాం. ప్రోగ్రాము పోర్టును తెరిచిన ప్రతిసారీ ఆర్డునో ఉనో మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, దాని సెకన్లు సున్నాకు వస్తాయి. బోర్డులో గడియారం లేదు, ఉన్నది కంప్యూటర్లోనే. కాబట్టి వరుస అందిన క్షణాన కంప్యూటరే తేదీ, గంట వేయాలి. ఆయమ్మను ఏమీ అనలేదు. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగు మార్చాం, పైన ‘మూత వేయవద్దు’ అని తెలుగులో, ఒడియాలో చీటీ అంటించాం.

మూడోసారి పోయింది మాత్రం మనసుకు బాగా తగిలింది. నాలుగు రోజుల లెక్క చేతికొచ్చింది. ఐదో రోజు పొద్దున ప్రోగ్రాము తెరవగానే ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చింది. ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాన్ని చెరిపేయాలంటే ‘యెస్’, దాని చివర చేర్చాలంటే ‘నో’ నొక్కమని దాని సారాంశం. కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి ‘యెస్’ నొక్కాడు. నాలుగు రోజులూ పోయాయి. ఆ పిల్లవాడు ఏడ్చాడు. తప్పు వాడిది కాదు. ఆ పెట్టెలోని మాటలకు అర్థం చెప్పకుండా వాణ్ణి అక్కడ కూర్చోబెట్టినది మేము. ఇంగ్లీషు మాటకు భయపడి ‘యెస్’ నొక్కేయడం మా పిల్లలకే కాదు, మాకూ అలవాటే.

ఆ రోజే గోడ మీద ఒక పట్టిక అంటించాం. ‘ఓవర్‌రైట్’ అంటే పాతది చెరిపి రాయడం. ‘అపెండ్’ అంటే పాతదాని చివర చేర్చడం. ‘పోర్ట్ బిజీ’ అంటే ఆ పోర్టును వేరే ప్రోగ్రాము పట్టుకుని ఉంది. ‘టైమ్‌అవుట్’ అంటే ఎదురుచూసినా ఏమీ రాలేదు. పన్నెండు మాటలతో మొదలైన ఆ పట్టికను ఇప్పుడు పిల్లలే పెంచుతున్నారు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. రోజుకో కొత్త ఫైలు, దాని పేరే ఆ రోజు తేదీ. బడి వదిలేముందు పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు.

తెలుగు అక్షరానికి మూడు బైట్లు

ఫైలులో పై వరుస తెలుగులో ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. తేదీ, గంట, రేకుల గది, శ్లాబు గది. రాయించాం, ఫైలులోకి వచ్చింది. దాన్ని లెక్కల పట్టిక ప్రోగ్రాములో తెరిస్తే తెలుగు స్థానంలో కొక్కిరి గుర్తులు. ‘‘తీగకు తెలుగు రాదేమో మాస్టారూ’’ అన్నాడొకడు.

తీగకు ఏ భాషా రాదు. దానికి తెలిసింది బైట్లే. యూనికోడ్ పద్ధతుల్లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8లో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతం గుర్తుకూ మూడు, పొల్లుకూ మూడు. ‘గది’ అంటే గ, ద, గుడి కలిపి తొమ్మిది బైట్లు. ‘ఉష్ణోగ్రత’ విడదీసి లెక్కపెట్టమంటే పిల్లలు తొమ్మిది ముక్కలు తేల్చారు, ఇరవై ఏడు బైట్లు. సెకనుకు 960 బైట్లు పోయే తీగకు ఇది కంటి రెప్పపాటు పని. బైట్లు సరిగానే వచ్చాయి. తెరిచిన ప్రోగ్రాము వాటిని వేరే లిపి పద్ధతి అనుకుని చదివింది, చిక్కంతా అక్కడే. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే తెలుగు తెలుగుగానే కనిపించింది. లిబ్రె ఆఫీస్ కాల్క్ అయితే తెరిచేముందు ఈ ప్రశ్న అదే అడుగుతుంది.

ఒక్క జాగ్రత్త. శీర్షికలు తెలుగులో రాయండి, కొలతలు మాత్రం మామూలు అంకెల్లోనే ఉంచండి. తెలుగు అంకెలు రాస్తే లెక్కల పట్టిక వాటిని మాటలుగా చూసే ప్రమాదం ఉంది, అప్పుడు గీత గీయదు.

తుడిచేద్దామా, ఉంచుదామా?

అంతా సర్దుకుందనుకున్నాక కొత్త పేచీ వచ్చింది. రేకుల గది వరుసలో అక్కడక్కడా మైనస్ 127 డిగ్రీలు. ఒకటి రెండు చోట్ల 85. పిల్లలు ముందు నవ్వారు, తరువాత భయపడ్డారు. ‘‘ఇవి చూస్తే ఎవరూ నమ్మరు, తుడిచేద్దాం’’ అని ఒక జట్టు. ‘‘పక్క వరుసల సగటు వేసేద్దాం’’ అని ఇంకో జట్టు.

మైనస్ 127 అనేది వేడి కాదు. సెన్సర్ దొరకలేదని చెప్పడానికి దాన్ని చదివే ప్రోగ్రాము ఇచ్చే గుర్తు. 85 అనేది సెన్సర్ అప్పుడే మేలుకుని, ఇంకా కొలవకముందు చెప్పే అంకె. ఇది చెప్పాక కూడా తుడిచేయాలనే మాటే ఎక్కువ వినిపించింది. అప్పుడు ఒక అమ్మాయి ఆ వరుసల గంటలు మాత్రం విడిగా రాసుకుని వచ్చింది. ఇంచుమించు అన్నీ విరామం వేళలే. వెళ్ళి చూస్తే రేకుల గది కిటికీ కింద తీగ వేలాడుతోంది, పరుగెత్తే పిల్లల కాళ్ళకు తగులుతోంది. తీగను పైకి కట్టాం, ఆ గుర్తులు ఆగిపోయాయి. తుడిచేసి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

అప్పటి నుంచి మాది ఒకటే నియమం. తీగలోంచి వచ్చిన ఫైలును ఎవరూ ముట్టుకోరు. దాన్ని చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా చేస్తాం. లెక్కలు, గీతలు, తీసివేతలు అన్నీ నకలు మీదే. ఏ వరుస తీసేశామో, ఎందుకు తీసేశామో పక్కన రాస్తాం. దానితో పాటు చేతి నోటు పుస్తకం ఒకటి. ‘రెండు గంటలకు మబ్బు పట్టింది’, ‘కిటికీలు తెరిచాం’, ‘ఆదివారం, గది మూసి ఉంది’ లాంటివి గంటతో సహా అందులో ఎక్కుతాయి. యంత్రం వేడి తగ్గిందని మాత్రమే చెబుతుంది. వాన పడిందని చెప్పాల్సింది మనమే.

గీత గీశాక

నిమిషానికి ఒక వరుస, రోజుకు 1,440 వరుసలు. తేదీ, గంట, రెండు కొలతలు కలిపి వరుసకు ముప్పైకి పైగా అక్షరాలు, రోజు మొత్తం యాభై వేల బైట్ల లోపే. నెలంతా రాసినా ఒక ఫోటో అంత స్థలం పట్టదు.

గీత గీసినప్పుడు మేము అనుకున్నది సగమే నిజమని తేలింది. రేకుల గది వేడి అన్నది నిజం. కానీ అది రోజంతా ఒకేలా లేదు. ఎండ ఎక్కగానే రేకుల గీత నిటారుగా లేచింది, నడి మధ్యాహ్నం శిఖరానికి చేరింది, ఎండ వాలగానే గబగబా దిగింది. శ్లాబు గది గీత నింపాదిగా లేచి, సాయంత్రానికి గానీ పైకి చేరలేదు. చీకటి పడ్డాక శ్లాబు గదే ఎక్కువ వేడి. పలుచని రేకు త్వరగా కాగుతుంది, త్వరగా చల్లారుతుంది. మందమైన కాంక్రీటు పగటి వేడిని మింగి రాత్రి విడిచిపెడుతుంది. ఉష్ణం పాఠం ఎన్నిసార్లు చెప్పామో! ఈ రెండు గీతలు చూశాక మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

ఆ గీతల కాగితాన్ని స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశానికి తీసుకెళ్ళాం. తెలుగులోనూ ఒడియాలోనూ పేర్లు రాశాం. ఎర్ర గీత రేకుల గది, నీలం గీత శ్లాబు గది. చదువు రాని ఒక తల్లి ఎర్ర గీత మీద వేలు పెట్టి ‘‘భోజనాల వేళకి ఇంత పైకా?’’ అని అడిగింది. ఆ మాట తరువాత వాదం లేదు. మూడో తరగతి మొదటి రెండు పీరియడ్లు రేకుల గదిలో, ఆ తరువాత శ్లాబు గదిలో. ఎనిమిదో తరగతి ఆ వేళకు వేపచెట్టు వైపు వరండాలోకి. ఖర్చు రూపాయి లేదు. రేకుల మీద సున్నం కొట్టించడానికి కూడా ఒప్పుకున్నారు.

సున్నం కొట్టాక మళ్ళీ కొలిచాం. ఇక్కడ పిల్లలు తొందరపడబోయారు. సున్నానికి ముందు వారం, తరువాత వారం రేకుల గది అంకెలను పక్కపక్కన పెట్టి తగ్గిందన్నారు. ఈ వారం మబ్బులు ఉన్నాయేమో! అందుకని రెండు గదుల మధ్య తేడాను చూశాం. శ్లాబు గదికి సున్నం కొట్టలేదు కాబట్టి అది సాక్షి. మధ్యాహ్నపు తేడా నిజంగానే తగ్గింది. పూర్తిగా పోలేదు. అందుకే గదుల మార్పు అలాగే ఉంచాం.

కాటా దగ్గర పనిచేసే తండ్రి ఆ సమావేశానికి వచ్చారు. గీతలకంటే ముందు ఆయన ఫైలు చూపించమన్నారు. వరుసలు కిందికి జరుపుతూ చూసి, ‘‘టైము ఉంది. ఇంక ఎవులూ కాదనరు’’ అన్నారు.

మీ బడిలో మొదలుపెట్టాలంటే

ముందు బోర్డును కలిపి, అది ఏ పోర్టులో ఉందో చూసుకోండి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే ‘పోర్ట్స్’ కింద కామ్3, కామ్4 లాంటి పేరు కనిపిస్తుంది. కనిపించకపోతే తీగను మార్చి చూడండి. ఫోన్ చార్జింగ్ తీగలు కొన్నింటిలో కరెంటు తప్ప సమాచారం వెళ్ళే దారి ఉండదు. అయినా కనిపించకపోతే బోర్డు మీది యూఎస్‌బీ చిప్పుకు తగిన డ్రైవర్ వేయాలి. చవక బోర్డుల్లో ఎక్కువగా సీహెచ్340 అనే చిప్పు ఉంటుంది.

లాగింగ్‌కు డబ్బు పెట్టక్కర్లేదు. పుట్టీ, టెరాటెర్మ్, కూల్‌టెర్మ్ ఉచితంగా దొరుకుతాయి. చివరి రెండింటిలో ప్రతి వరుసకూ సమయం వేసే సదుపాయం ఉంది. పైథాన్ నేర్పే బడి అయితే పైసీరియల్ అనే సహాయకంతో పట్టుమని పదిహేను వరుసల ప్రోగ్రాము చాలు. పోర్టు తెరవడం, వరుస చదవడం, ముందు సమయం చేర్చడం, ఫైలు చివర రాయడం, ప్రతి వరుసా వెంటనే డిస్కుకు చేరేలా చేయడం. చివరిది మరవకండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు చివరి వరుసలు పోతాయి.

ఒక పోర్టును ఒకసారికి ఒక ప్రోగ్రామే తెరవగలదు. ఆర్డునో తెర తెరిచి ఉంచి లాగింగ్ మొదలుపెడితే ‘పోర్ట్ బిజీ’ అంటుంది. మా బడిలో ఎక్కువసార్లు వచ్చిన చిక్కు ఇదే.

ఇక జాగ్రత్తలు. కాటా, పాల కేంద్రం లాంటి చోట్ల నడుస్తున్న యంత్రం తీగను పిల్లలు ముట్టుకోకూడదు. చూసి రావడమే. ఆర్‌ఎస్-232 తీగను ఆర్డునో సూదులకు నేరుగా కలపకూడదు. ఆ తీగలో ప్లస్, మైనస్ పదిహేను వోల్టుల దాకా ఉండవచ్చు, ఉనో బోర్డు తట్టుకునేది సున్నా నుంచి ఐదు వోల్టులే. మధ్యలో మ్యాక్స్232 లాంటి మార్పిడి చిప్పు ఉండాలి. ఇంటి కరెంటుతో ఏ ప్రయోగమూ వద్దు.

మొదటి వారం ఏ పెద్ద ప్రశ్నా పెట్టుకోకండి. ఒక సెన్సర్, ఒక గది, ఒక ఫైలు చాలు. ఐదు రోజులు తెగకుండా, సమయంతో సహా లెక్క వచ్చిందంటే మీ పిల్లలకు పని పట్టుబడినట్టే. ఆ తరువాత ప్రశ్న వాళ్ళే తెస్తారు. మా మూడో తరగతి పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు, వాళ్ళ మంచినీళ్ళ కుండలో నీళ్ళు ఏ వేళకు ఎంత చల్లగా ఉంటాయని. మూడో సెన్సర్ కొన్నాం.